కౌజు పిట్టల వేట, పల్లె పర్యాటకం, పొదల కాపుదల: చిత్తూరు, తిరుపతి వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

పలమనేరు నుంచి సత్యవేడు దాకా తోటలున్న రైతులు, హోంస్టే పెట్టాలని చూస్తున్న కుర్రాళ్లు, అమెరికాలో ఉన్న పిల్లల మాట విని ఫోన్ చేసే పెద్దవాళ్లు తిప్పి తిప్పి ఇవే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ మొదట్నుంచి చెప్పే ఓపిక తగ్గి ఇక్కడ రాసి పెట్టాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా పోవచ్చు.

## ఆలోచన దశలో

మా అబ్బాయి అట్లాంటాలో ఉంటాడు. అక్కడ కౌజు పిట్టల వేటకి డబ్బు కట్టి మరీ పోతారంట, దాంతోనే అడవులు నిలిచాయంట. నిజమేనా?

సగం నిజం. జార్జియాలోని థామస్‌విల్ నుంచి ఫ్లోరిడాలోని టల్లహాసీ వరకు ఉన్న ప్రాంతంలో 'బాబ్‌వైట్' అనే కౌజు కోసం ఉత్తరాది ధనవంతులు 19వ శతాబ్దం చివర్నుంచి పెద్ద పెద్ద ఎస్టేట్లు కొన్నారు. 1920ల్లో పిట్టలు తగ్గుతున్నాయని హెర్బర్ట్ స్టాడర్డ్ చేత పరిశోధన చేయించారు. పైన్ చెట్ల కింద గడ్డిని అప్పుడప్పుడు అదుపులో కాలిస్తేనే ఆ పిట్టకు చోటు ఉంటుందని ఆయన తేల్చారు. ఆ పని మీదే 1958లో టాల్ టింబర్స్ అనే పరిశోధన కేంద్రం మొదలైంది. ఆ ఎస్టేట్లు లేకపోతే ఆ నేలలో చాలా భాగం ఈపాటికి పొలాలో కాలనీలో అయిపోయేది.

మిగతా సగం మీ అబ్బాయికి ఎవరూ చెప్పి ఉండరు. ఇంత ఖర్చు పెట్టే దేశంలోనే బాబ్‌వైట్ 1960ల నుంచి తగ్గుతూ వస్తోంది. ఎస్టేట్ల బయట గట్లు, పొదలు, కలుపు గడ్డి పోయాయి, వాటితోపాటే పిట్టా పోయింది. అక్కడ పిట్టను కాపాడింది నేలను అట్లాగే ఉంచడం. తుపాకీ దానికి డబ్బు తెచ్చిన ఒక దారి. మనకు చట్టం ఆ దారి మూసింది కాబట్టి ఆ డబ్బు ఇంకో వైపు నుంచి రావాలి.

అమెరికాలో వేట లైసెన్సు డబ్బు అడవికే ఖర్చు పెడతారంటగా. మన ప్రభుత్వం ఎందుకు పెట్టదు?

అక్కడ 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద తుపాకుల మీద, తూటాల మీద వేసే పన్ను రాష్ట్రాల వన్యప్రాణి పనులకు పోతుంది. లైసెన్సు రుసుము దానికి అదనం. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటనే నిషేధించింది. లేని వేటకు లైసెన్సు ఉండదు. పైగా మనవైపు ఏ గుట్ట వెనక చూసినా ఓ పల్లె, మేకలు కాసే మనిషి, కట్టెలు ఏరే ఆడవాళ్లు ఉంటారు. పొదల్లోకి తూటా పేల్చే ఆటకు ఇది అనువైన చోటు కాదు.

అసలు మనవైపు అడవి కౌజులు ఉన్నాయా? ఫారం కౌజులు తప్ప నేనెప్పుడూ చూళ్లేదు.

ఉన్నాయి, చాలాసార్లు మీ కాలి పక్కనే ఉంటాయి. జంగిల్ బుష్ క్వెయిల్, రాక్ బుష్ క్వెయిల్ అనేవి పొదలున్న గుట్టల వాలుల్లో, రాతి బీళ్లలో గుంపుగా తిరుగుతాయి. రెయిన్ క్వెయిల్ వానలు పడ్డాక గడ్డి చేలల్లో కూస్తుంది, మగదాని రొమ్ము మీద నల్ల మచ్చ ఉంటుంది.

కౌజు అనుకుని అందరూ పొరబడేది బటన్‌క్వెయిల్. అది ఈ కుటుంబమే కాదు. కాలికి వెనక వేలు ఉండదు, మూడు వేళ్లే. ఆడది మగదానికంటే రంగుగా ఉంటుంది, గుడ్లు పెట్టేసి పోతుంది, పొదిగి పిల్లల్ని సాకేది మగది. చెనక్కాయ చేల పక్కన దూరంగా మోటార్‌సైకిల్ పోతున్నట్టు గుర్రుమని వినిపిస్తే అది ఆడ బటన్‌క్వెయిల్ పిలుపు. ఇక తెల్లారగానే గొంతు చించుకుని అరిచే కాస్త పెద్ద పిట్ట కముజు. మనవైపు కొందరు దాన్ని కూడా కౌజే అంటారు. అతిథులకు చెప్పేటప్పుడు ఈ తేడా తెలిసి ఉండాలి, వచ్చేవాళ్లలో చాలామందికి మనకంటే బాగా తెలుసు.

పారువేట మన సంప్రదాయమే కదా సార్. తిరుమలలో స్వామివారే వేటకి పోతారు. మనం చేస్తే తప్పేంటి?

కనుమ రోజు మలయప్పస్వామి పారువేట మండపానికి వేంచేసినప్పుడు జరిగేది ఏమిటో ఒకసారి దగ్గర్నుంచి చూడండి. స్వామి తరఫున అర్చకులు ఈటె విసురుతారు, ఏ జంతువూ చావదు. సంప్రదాయం పేరు చెప్పి తుపాకీ అడిగేవాళ్లకు ఆ ఉత్సవం ఏమాత్రం సాయం చేయదు. కనుమ నాడు మీ ఊళ్లో ఓ పిట్టల నడక పెట్టి ఆ పేరే పెట్టుకోండి, అభ్యంతరం ఎవరికీ ఉండదు.

## చట్టం దగ్గర

మా సొంత పట్టా భూమిలో, మా పొలం పాడుచేసే పిట్టనే కొడితే కూడా కేసా?

కేసే. భూమి పట్టా అయినా, డీకేటీ (ప్రభుత్వం ఇచ్చిన భూమి) అయినా, అడవి అయినా వన్యప్రాణి చట్టం షెడ్యూళ్లలో, అంటే రక్షణ జాబితాల్లో, ఉన్న పిట్ట మీ ఆస్తి కాదు. చట్టంలో 'వేట' అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టడం, ఉచ్చు పెట్టడం, ఎర వేయడం, తరమడం, ప్రయత్నించి విఫలం కావడం, గూట్లో గుడ్లు తీయడం, గూడు కదపడం అన్నీ వేటే. 2022 సవరణ (2023 ఏప్రిల్ 1 నుంచి అమలు) తర్వాత మామూలు నేరాలకు 3 ఏళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. నెమలి లాంటి షెడ్యూల్-1 ప్రాణి అయితే జైలు కనీసం 3 ఏళ్లు. ఇంతకీ కౌజు మీ పొలానికి చేసే నష్టం ఏముంది, రాలిన గింజలు, కలుపు విత్తనాలు, చెదలు, పురుగులు తింటుంది.

ఎయిర్‌గన్‌కి లైసెన్సు అక్కర్లేదు కదన్నా?

కొన్ని రకాల ఎయిర్‌గన్లు కొనడానికి అక్కర్లేదు. వాటితో పిట్టను కొట్టడానికి అనుమతి ఎవరూ ఇవ్వలేరు. ఆయుధాల చట్టం వేరు, వన్యప్రాణి చట్టం వేరు.

అడవి పిట్టలొద్దు. ఫారం కౌజుల్ని కొని తెచ్చి తోటలో వదిలి, టూరిస్టుల చేత కాల్పిస్తే?

ఎక్కువమంది తెలివిగా అడిగే ప్రశ్న ఇదే. అమెరికాలో చాలా వేట తోటలు నడిచేది కూడా ఈ పద్ధతిలోనే. ఇక్కడ 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 11వ సెక్షన్ చదవండి. బంధించి ఉంచిన జంతువులను వదిలి కాల్చే పోటీలు పెట్టినా, పాల్గొన్నా నేరమని అందులో రాసి ఉంది. ఫారం పిట్ట అన్న వాదన అక్కడ నిలవదు.

ఇంకో చిక్కు, దెబ్బ తప్పించుకుని పొదల్లో దూరే పిట్టలు. ఫారాల్లో పెంచే జపాన్ కౌజు అడవి కౌజుల్లో దగ్గరి జాతులతో కలిసి సంకరం అవుతుంది, యూరప్‌లో ఇదో పెద్ద తలనొప్పి. ఫారం రోగాలు బయటికి పాకే దారి కూడా అదే. 'పిట్టల సంఖ్య పెంచుతాం' అని మంచి మనసుతో వదిలినా ఫలితం ఇంతే. కాల్చే సరదానే కావాలంటే మట్టి పళ్లేలను గాల్లోకి విసిరి కాల్చే క్రీడ ఉంది, అది అనుమతులున్న షూటింగ్ రేంజ్‌లో ఆడాలి.

ఉచ్చులు పెట్టి కౌజులు పట్టి రోడ్డు పక్కన అమ్మేవాళ్లని చూస్తే ఏం చేయాలి?

మీరు పోట్లాడొద్దు, వీడియో తీసి ఊరంతా పంపొద్దు. చోటు, టైము రాసుకుని దగ్గర్లోని ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకు చెప్పండి. కొనకండి, జాలిపడి విడిపించడానికి కూడా కొనకండి. మీరు కొన్నది వాళ్ల లెక్కలో అమ్మకమే, రేపు ఇంకో పది తెస్తారు.

మరి అతిథులకు కౌజు కూర పెట్టొచ్చా?

ఫారం కౌజు అయితే నిక్షేపంగా పెట్టొచ్చు. జపాన్ కౌజును 1974లో మన దేశానికి తెచ్చారు, బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని పరిశోధన సంస్థ దాన్ని రైతులకు అలవాటు చేసింది. 2011లో కేంద్ర పర్యావరణ శాఖ కొత్త ఫారాలకు అనుమతులు ఆపమంది, తర్వాత ఆ అడ్డు తొలగింది. గుడ్డు 17, 18 రోజుల్లో పిల్ల అవుతుంది, ఐదు వారాలకు కోతకు వస్తుంది. బిల్లు ఇచ్చే ఫారంలోనే కొనండి, ఆ బిల్లు దాచండి. ఫారం కౌజు సుమారు 200 గ్రాములు తూగుతుంది. మన గుట్టల్లోని బుష్ క్వెయిల్ నూరు గ్రాములు కూడా రాదు. ఎవరైనా బొటనవేలంత రొమ్మున్న పిట్టను 'నాటు కౌజు' అని ఎక్కువ ధర చెప్తే విషయం అర్థం చేసుకోండి.

## నేల దగ్గర

మాకు గుట్ట వాలులో ఐదెకరాల బీడు ఉంది. కౌజులు నిలవాలంటే ఏం నాటాలి?

నాటొద్దు. మొదటి సంవత్సరం చేయాల్సిన పని చేయకుండా ఉండటమే, అందుకే ఇది మనవాళ్లకు అంత కష్టం. బీడు అంటే పనికిరాని నేల అని రెవెన్యూ లెక్కల నుంచి మన నోటి దాకా పాతుకుపోయింది. జేసీబీ పెట్టి చదును చేసి, నీలగిరో మామిడో పెట్టేదాకా నిద్రపట్టదు. కౌజుకు కావాల్సింది సరిగ్గా మీరు తీసేయాలనుకుంటున్న దుబ్బులే.

నేల మీద కూర్చుని, కౌజు కంటి ఎత్తు నుంచి చూడండి, జానెడు ఎత్తు. ఆ ఎత్తులో నడవడానికి సందులుండాలి. గడ్డి ఒత్తుగా చాపలా కమ్మేస్తే పిల్లలు నడవలేవు, పూర్తిగా నున్నగా ఉంటే డేగకు కనిపిస్తాయి. బోద గడ్డి దుబ్బులు, మధ్యలో ఖాళీ మట్టి, నాలుగడుగులకో బలుసు పొదో కలివి పొదో రేగు కంపో ఉంటే సరి. గూడు అంటే దుబ్బు మొదట్లో ఓ చిన్న గుంట, అంతే. గడ్డి కోయాలంటే మొత్తం ఒకేసారి కోయకుండా మూడు భాగాలు చేసి ఏడాదికొకటి కోయండి, వానల తర్వాత గుడ్ల కాలంలో ఆ పని పెట్టుకోవద్దు.

పిల్లలకు మొదటి వారాల్లో పురుగులే తిండి. పక్కన చెనక్కాయ వేస్తుంటే గెనిమ మీద, గెనిమ నుంచి రెండు బారల దాకా కలుపు మందు, పురుగు మందు కొట్టకండి. ఈ ఒక్క పని చేసిన చేల పక్కన తేడా కంటికి కనిపిస్తుంది. మేకల్ని పూర్తిగా ఆపక్కర్లేదు, ఒకే చోట నెలల తరబడి మేపకుండా తిప్పితే చాలు. ఎండాకాలంలో మట్టి మూకుడు నేలలోకి పాతి, లోపల గులకరాళ్లు వేసి నీళ్లు పోయండి. రాళ్లు లేకపోతే పిల్లలు మునిగిపోతాయి.

సర్కారు తుమ్మ మొత్తం పీకించేయమంటారా?

పీకించండి, ఒక్కసారిగా కాదు. వేరే పొదలు లేని చోట పిట్టలు ఆ కంపలోనే దాక్కుంటున్నాయి. బలుసు, రేగు లేచిన మేర తీసుకుంటూ పోండి.

జార్జియాలో గడ్డి కాలుస్తారన్నారు. మేమూ కాల్చొచ్చా?

వద్దు. అక్కడి పైన్ అడవి మంటకు అలవాటు పడింది, కాల్చేది శిక్షణ ఉన్నవాళ్లు, గాలి, తేమ చూసుకుని. మన దగ్గర రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం. 2014 మార్చిలో శేషాచలం తగలబడితే హెలికాప్టర్లు తెప్పించాల్సి వచ్చింది. మీ బీడులో పెట్టిన నిప్పుకు సర్వే రాళ్లు తెలియవు.

మాది మామిడి తోట. తోతాపురి. కౌజులకి పనికొస్తుందా?

ఏడాదికి నాలుగుసార్లు దున్ని చెట్ల కింద నున్నగా ఉంచితే పనికిరాదు. వరసల మధ్య ఒక వరస వదిలి ఒక వరసలో గడ్డి ఉంచి, కంచె వెంబడి కంప పెరగనిస్తే కముజులు ముందు వస్తాయి, కౌజులు తర్వాత.

ఊరి పోరంబోకు గుట్టను కాపాడుకోవాలంటే దారి ఉందా?

ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. చాలాచోట్ల కాగితం మీదే ఉంది, ముందు దాన్ని కూర్చోబెట్టండి. మీ గుట్ట మీద ఏ పిట్ట, ఏ గడ్డి ఉందో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో రాయించండి. రేపు ఆ గుట్టను క్వారీకో ప్లాట్లకో అడిగినప్పుడు చూపించడానికి మీ చేతిలో కాగితం ఉంటుంది. ఊరంతా ఒక మాట మీద ఉంటే వన్యప్రాణి చట్టంలో 'కమ్యూనిటీ రిజర్వు' అనే ఏర్పాటు కూడా ఉంది, కానీ దాన్ని ప్రకటిస్తే భూమి వాడకం మార్చడం కష్టం. అది తెలుసుకుని సంతకాలు పెట్టండి.

## అతిథుల దగ్గర

వేట లేకుండా, ఉత్త పిట్టల్ని చూడ్డానికి డబ్బిచ్చి ఎవరొస్తారు?

ఒడిశాలో చిలికా సరస్సు పక్కన మంగళజోడి అనే ఊరు ఉంది. ఒకప్పుడు పిట్టల్ని పట్టి అమ్మిన కుటుంబాల వాళ్లే ఇప్పుడు పడవల్లో పర్యాటకుల్ని తిప్పుతున్నారు. నాగాలాండ్‌లో దోయాంగ్ జలాశయం దగ్గర 2012లో అమూర్ డేగల్ని వలలతో గుట్టలు గుట్టలుగా పట్టారు. మరుసటి ఏడాదికే ఆ ఊళ్లు వేట ఆపి కాపలా కాశాయి, ఇప్పుడు ఆ డేగల కోసమే జనం పోతున్నారు. అంతదూరం దేనికి, సూళ్లూరుపేట దగ్గరి మన నేలపట్టు పిట్టల అభయారణ్యాన్నే చూడండి. గూడబాతుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు చేలకు బలమని అక్కడి రైతులకు ఎప్పుడో తెలుసు, అందుకే వాటి జోలికి పోరు.

అయితే ఒక మాట. గూడబాతు, ఫ్లెమింగో దూరం నుంచే కనిపిస్తాయి. కౌజు కనిపించదు. మీ గిరాకీ చిన్నది, ఎంచుకుని వచ్చేది. బెంగళూరు, చెన్నై రెండూ కొన్ని గంటల దూరమే కావడం మన అదృష్టం.

తిరుపతికొచ్చేది దర్శనానికి. వాళ్లు మా ఊరికి ఎందుకొస్తారు?

ఎక్కువమంది రారు, వాళ్ల మీద లెక్క వేసుకోవద్దు. దర్శనం అయ్యాక ఒక పూట మిగిలే కుటుంబాల్లో పిల్లలున్నవాళ్లు కొందరు వస్తారు. వాళ్లకు పిట్టల జాబితా కంటే బెల్లం గానుగ, చెనక్కాయ పీకడం, రాగి సంగటి, ఊరిబిండి ముఖ్యం. పొద్దున గంట నడక చాలు.

ఏ నెలల్లో పెట్టుకోవాలి?

నవంబర్ నుంచి ఫిబ్రవరి. చేలు కోసి ఉంటాయి, గడ్డి పండి ఉంటుంది, ఎండ చంపదు. నేలపట్టు, పులికాట్ కూడా అదే కాలం కాబట్టి రెండు రోజుల యాత్రగా కలుపుకోవచ్చు. ఏప్రిల్, మే మూసేయండి.

అంత దూరం నుంచి వచ్చాక పిట్ట కనబడకపోతే గొడవ చేయరా?

'కౌజును చూపిస్తాం' అని బోర్డు రాస్తే చేస్తారు. రాయకండి. బుష్ క్వెయిల్ గుంపు మనిషి వస్తుంటే లేవదు, నేలకు కరుచుకుని కదలకుండా ఉంటుంది. ఇంకొక్క అడుగు వేస్తే తొక్కేస్తామన్నప్పుడు కాళ్ల కింద నుంచి భుర్రుమని పది పిట్టలు పది వైపులకు లేస్తాయి. గుండె ఆగినంత పనవుతుంది, కెమెరా ఎత్తేలోపు అయిపోతుంది. గొడవ చేయాలని వచ్చినవాళ్లు కూడా దీని తర్వాత నవ్వుతూ మాట్లాడతారు. అసలు చూడాల్సింది ఆ తర్వాత. అక్కడే కూర్చోండి, మాటల్లేకుండా. కొద్దిసేపటికి చెదిరిన పిట్టలు ఒకదాన్నొకటి సన్నగా పిలుచుకుంటూ నడిచి కలుస్తాయి. అప్పుడు బాగా కనిపిస్తాయి. ఒకసారి లేచిన గుంపును వెంటపడి మళ్లీ లేపొద్దు, ఆ రోజుకు ఆ గుంపు అయిపోయినట్టే.

సెల్‌ఫోన్లో కూత వినిపిస్తే బయటికొస్తాయంట?

వస్తాయి. ఉచ్చులు పెట్టేవాళ్లు చేసేదీ అదే. గుడ్ల కాలంలో పిట్ట గూడు వదిలి వస్తుంది. మీ చోట ఈ పని నిషేధమని ముందే చెప్పేయండి.

గైడ్‌గా ఎవర్ని పెట్టుకోవాలి? కోర్సు చేసినవాళ్లు దొరకరు.

ఒకప్పుడు పిట్టల వేట మీద బతికిన నక్కల, యానాది కుటుంబాల పెద్దవాళ్లను అడగండి. మట్టిలో గీరిన గుర్తు చూసి గుంపు ఎంతసేపటి కిందట పోయిందో చెప్పగలరు. ఆ విద్య ఏ కోర్సులోనూ లేదు. కుర్రాళ్లు వాళ్ల పక్కన ఉండి పిట్టల పేర్లు, చూసిన పిట్టల్ని రాసి పెట్టే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో నమోదు చూసుకోవచ్చు. అతిథులు వచ్చినా రాకపోయినా నెల జీతం ఇవ్వండి. వచ్చినప్పుడే కూలి అంటే మిగతా రోజుల్లో ఉచ్చు తప్ప వాళ్లకు ఏం మిగులుతుంది? 'పాత వేటగాడు' అని అతిథుల ముందు ప్రదర్శన పెట్టడం మాత్రం మర్యాద కాదు.

రాత్రిపూట టార్చిలేసుకుని నడక పెట్టొచ్చా?

శేషాచలం అంచు ఊళ్లలో అసలు వద్దు. ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ వాళ్లకు రాత్రి గుట్టల్లో టార్చిలతో తిరిగే కొత్త ముఖాలు కనిపిస్తే పిట్టల కథ వినే ఓపిక ఉండదు. రిజర్వు అడవిలోకి పగలైనా అనుమతి లేకుండా పోకూడదు.

పలమనేరు, కుప్పం వైపు పెట్టాలనుకుంటున్నాం. ఏనుగుల సంగతి?

కౌండిన్య అభయారణ్యం పక్కన తెల్లవారుజాము నడక పెట్టకండి. పొద్దెక్కాక, ఆ రోజు ఏనుగులు ఎటు ఉన్నాయో ఫారెస్ట్ సిబ్బందిని అడిగి బయల్దేరండి. ఎక్కడైనా సరే గడ్డిలో నడిచే అతిథులకు బూట్లు తప్పనిసరి, రక్తపింజరకు కూడా కౌజు తిరిగే దుబ్బులే ఇష్టం.

కాగితాలు ఏం కావాలి?

పర్యాటక శాఖలో హోంస్టే నమోదు, వంట పెడితే ఆహార భద్రత నమోదు, పంచాయతీకి తెలియజేయడం. విదేశీయులు దిగితే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వాళ్ల వివరాలు పెట్టాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

ఇంతా చేస్తే మిగిలేదెంత? నిజం చెప్పండి.

ఒక్క కౌజుల మీదే అయితే ఇల్లు గడవదు. తోట, పాడి ఉండి, రెండు గదులు ఖాళీగా ఉన్నవాళ్లకు ఇది పైడబ్బు. అప్పు తెచ్చి కాటేజీలు కట్టాలనుకుంటే ఈ పని పెట్టుకోవద్దు. కాటేజీల కోసం చదును చేసే అరెకరమే కౌజుల గుంపు ఉన్న చోటు అవుతుంది.

మా కుక్కను వెంట తీసుకురావచ్చా? బుద్ధిమంతురాలే.

వద్దండి. ఇంటి దగ్గరే వదిలి రండి.